వేపచెట్టు కింద పెళ్లి: దిల్లీలో ఆక్టేవియో పాజ్, మారీ-జోసే



ఈ ఉపన్యాసం మా మాష్టారి పేరు మీద జరుగుతున్నా, మాష్టారిని పొగడకూడదన్నది వారి కుటుంబం పెట్టిన షరతు. ఆయనకు ఇష్టమైన సాహిత్యం గురించి మాట్లాడమన్నారు. మంచి షరతే. పెద్దన పద్యం చెబుతూ చెబుతూ మెక్సికో కవి ఊసెత్తగలిగిన మనిషి ఆయన. కాబట్టి ఈ సాయంత్రం ఒక ప్రేమకథ చెబుతాను. నాయకుడు మెక్సికో దేశస్థుడు, నాయిక ఫ్రెంచి వనిత, కథ నడిచిన చోటు మాత్రం మన దిల్లీ. పొద్దున్నే లోదీ తోటకు వాహ్యాళికి వెళ్లేవాళ్లలో చాలామంది ఆ కథ జరిగిన వీధిలోనుంచి ఎన్నోసార్లు పోయి ఉంటారు.

ఆ రోజుల్లో మెక్సికో రాయబారి నివాసం పృథ్వీరాజ్ రోడ్డులో ఉండేది. తోటలో పెద్ద వేపచెట్టు. 1966లో ఆ చెట్టు కింద రాయబారి ఆక్టేవియో పాజ్, మారీ-జోసే ట్రామినీ పెళ్లి చేసుకున్నారు. ఆ వేపను పాజ్ మరిచిపోలేదు. కవితల్లోకి తెచ్చుకున్నాడు, 1995లో వచ్చిన భారతదేశ జ్ఞాపకాల పుస్తకంలో మళ్లీ తలుచుకున్నాడు. మనకు వేప అంటే అమ్మవారు, ఉగాది పచ్చడి. దిల్లీ తెలుగువాళ్లకు ఇంకో చిక్కు కూడా తెలుసు: పండగ నాటికి ఇక్కడి వేప చాలా ఏళ్లు పూతకే రాదు, లేత చిగురుతో సరిపెట్టుకుంటాం. అలాంటి మన చెట్టు స్పానిష్ కవిత్వంలోకి పెళ్లిపందిరిగా వెళ్లింది.

ఇలాంటి కథలు చెప్పడానికి ఒక మూస ఉంది. పడమటి మనిషి ఏదో వెలితితో తూర్పుకు వస్తాడు. గుళ్లు, శిల్పాలు చూస్తాడు, తంత్రం చదువుతాడు. ముందు ఒళ్లు మేలుకుంటుంది, వెనకే ఆత్మ మేలుకుంటుంది. మధ్యలో ఒక స్త్రీ ఎదురవుతుంది. ఈ మూసకు గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. రిషికేశ్ గోడల మీది ప్రకటనల్లోనూ అదే సరుకు, ఎన్‌సీఆర్‌లో వారాంతపు ‘తంత్ర’ తరగతుల పేరిట అమ్ముడుపోయేదీ అదే సరుకు. పాజ్‌ని కూడా ఈ మూసలో పోసి చెప్పేవాళ్లున్నారు. అది ఆయనకూ అన్యాయం, మనకూ అన్యాయం. ఆయన దిల్లీ ఏళ్లను దగ్గరగా చూస్తే నాకు కనిపించింది వేరు. అక్కడ అసలు సంగతి మేలుకోవడం కాదు, ఎంచుకోవడం. ఇద్దరు మనుషులు, ఎవరూ బలవంతం చేయకుండా, పోగొట్టుకునేవి పోగొట్టుకుని, ఒకరినొకరు ఎంచుకున్నారు. ఆ ఎంపికను ఆలోచించుకోవడానికి కావలసిన మాటలు మన దేశం ఆయనకు ఇచ్చింది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి సాక్ష్యం.

మూస ఎంత తప్పో చెప్పడానికి ఆయన మొదటి రాక ఒక్కటి చాలు. పాజ్ 1914 మార్చి 31న పుట్టాడు. మెక్సికో నగరం శివారులోని మిస్కోవాక్‌లో, అంజూరపు చెట్టున్న పాత తోటలో, తాతగారి పుస్తకాల మధ్య పెరిగాడు. 1937లో ఎలెనా గారోను పెళ్లాడి, ఆ ఏడే అంతర్యుద్ధం నడుస్తున్న స్పెయిన్‌కు వెళ్లి వచ్చాడు. తర్వాత దౌత్య ఉద్యోగం, పారిస్, సర్రియలిస్టులతో స్నేహం. 1951 చివర్లో అక్కడినుంచి భారతదేశానికి బదిలీ అయింది. పారిస్ వదలడం ఆయనకు ఇష్టం లేదు. పోర్ట్ సయీద్‌లో ‘బాటోరీ’ అనే ఓడ ఎక్కి బొంబాయిలో దిగాడు, రైల్లో దిల్లీ చేరాడు. కొన్ని నెలలున్నాడు, 1952లో టోక్యోకు బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆ నెలల్లో రాసిన పెద్ద కవిత మథుర మీద. అందులో ఉన్నది ఆనందం కాదు, ఎండ. అన్నిటినీ తనలో కరిగించేసుకునే ఆ దేశాన్ని చూసి, ఎక్కడ తన ఉనికి కరిగిపోతుందో అని జడిసిన మనిషి గొంతు. అవే గుళ్లు, అవే శిల్పాలు, అదే తత్వం. ఒళ్లు ఏమీ మేలుకోలేదు.

1962 సెప్టెంబరులో రాయబారిగా తిరిగొచ్చాడు. సిలోన్, అఫ్గానిస్థాన్ బాధ్యతలు కూడా ఆయనవే. అప్పటికి మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. కొత్త రాయబారి ఊళ్లోకి దిగిన కొద్ది వారాలకే చైనా యుద్ధం. నెహ్రూ చివరి ఏళ్ల దిల్లీ అది, దిగులుగా ఉన్న దిల్లీ. ఆ ఊళ్లోనే ఒక విందులో మారీ-జోసే కనబడింది. కోర్సికా మూలాలున్న ఫ్రెంచి యువతి. అప్పటికి ఆమె ఇక్కడ పనిచేస్తున్న ఒక ఫ్రెంచి దౌత్యాధికారి భార్య. ఏమనుకున్నారో, ఎంత దూరం వెళ్లారో మనకు అక్కరలేదు. ఆమె దిల్లీ వదిలి వెళ్లిపోయింది. కథ అక్కడితో అయిపోవలసింది. 1964లో పాజ్ పారిస్ వెళ్లాడు. అక్కడ, ఎవరూ ఏర్పాటు చేయకుండా, వీధిలో ఎదురుపడ్డారు. తర్వాత ఆమె దిల్లీకి వచ్చింది, ఈసారి ఆయనతో ఉండడానికి.

పాజ్‌కు యాదృచ్ఛికం అనేది చాలా పెద్ద విషయం, సర్రియలిస్టుల దగ్గర నేర్చుకున్న పాఠం. వీధిలో ఎదురుపడడం నీ చేతిలో లేదు. ఎదురుపడ్డాక ఏం చేస్తావన్నది నీ చేతిలోనే ఉంది. విధీ స్వేచ్ఛా ఇలా ముడిపడడమే ప్రేమ అని ఆయన వయసు మళ్లాక కూడా చెబుతూ వచ్చాడు. ఆమె వైపునుంచి చూడండి. భర్తను, దౌత్య సమాజంలో తనకున్న పరువును వదులుకుని, అందరూ ఎరిగిన ఊరికే తిరిగిరావడం. దిల్లీ దౌత్యవర్గం ఎంత చిన్న ఊరో, అందులో ఎంత గుసగుస నడుస్తుందో చాణక్యపురిలో పనిచేసిన మనవాళ్లను అడగండి, చెబుతారు. తెగువ చూపించింది ముందు ఆమే.

ఇక కవిత్వం. 1965లో దిల్లీలోనే ఒక చిన్న పుస్తకం అచ్చయింది, స్పానిష్‌లో ఒకే దీర్ఘకవిత, పేరు ‘వియెంతో ఎంతేరో’. కాబూల్ బజారు నుంచి పారిస్‌కు, అక్కడినుంచి మన కొండలకు, కోటలకు ఆ కవిత గాలిలా తిరుగుతుంది. నడుమ ప్రేయసి. శృంగార కవిత అనే చదువుతారు. కానీ ఆ ఏడు డొమినికన్ రిపబ్లిక్ మీద అమెరికా సైన్యం దిగిన సంగతి కూడా ఆ కవితలో ఉంది. ప్రేయసి దేహాన్ని తలచుకుంటున్న మనిషికి సాంతో దొమింగోలో చస్తున్నవాళ్లు గుర్తుకొస్తున్నారు. ఈ ఒక్క వివరం నాకు చాలా చెప్పింది. కళ్లు మూసుకునే ఆధ్యాత్మికత ఆయనది కాదు.

మరుసటి ఏడు, పెళ్లయిన ఏడే, జులై నుంచి సెప్టెంబరు దాకా, అంటే మన వానాకాలంలో, ‘బ్లాంకో’ రాశాడు. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1967లో మెక్సికోలో వేసిన మొదటి ముద్రణ మామూలు పుస్తకం కాదు. అట్ట తెరిస్తే పుటలు విడివిడిగా ఉండవు, మడతలు మడతలుగా ఒకే పొడుగాటి కాగితం. విప్పుతూ పోవాలి. మధ్యలో ఒక వరస అక్షరాలు కిందికి దిగుతుంటాయి: మాట మౌనంలోంచి పుట్టి, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం దాటి, తిరిగి మౌనంలోకి, తెలుపులోకి పోయే ప్రయాణం. అక్కడక్కడ ఆ వరస రెండుగా చీలుతుంది. ఎడమవైపు శృంగారం, నిప్పు నీరు నేల గాలి అనే నాలుగు భూతాలతో. కుడివైపు మనసు వ్యాపారం: ఇంద్రియ స్పర్శ, గ్రహింపు, ఊహ, అవగాహన. రెండు రంగుల సిరా, రెండు రకాల అచ్చు. ఎడమది ఒక్కటే చదువుకోవచ్చు, కుడిది ఒక్కటే చదువుకోవచ్చు, రెంటినీ అడ్డంగా కలిపి మూడో కవితగా చదువుకోవచ్చు. ఎన్ని రకాలుగా చదవొచ్చో పాజే ముందుమాటలో చెప్పాడు. చిత్రకవిత్వం, గర్భకవిత్వం ఎరిగిన తెలుగువాళ్లకు ఈ విద్య కొత్త కాదు. మన గర్భకవులు చాలావరకు కసరత్తు దగ్గర ఆగిపోయారు. పాజ్ మాత్రం ఆ కసరత్తుతో ఒక విషయం చెప్పాడు: దేహమూ తలపూ పక్కపక్కన నడుస్తున్న రెండు వాక్యాలు, చదివేవాడి కన్నే వాటిని కలుపుతుంది. తాంత్రిక పటం చుట్టను విప్పుతున్నట్టు, మండలంలోకి నడుస్తున్నట్టు ఆ పుస్తకం ఉండాలనుకున్నాడు.

ఆ కవిత తలవాకిట బౌద్ధుల హేవజ్ర తంత్రం నుంచి ఒక వాక్యం ఉంది, ఫ్రెంచి కవి మలార్మే నుంచి ఒకటి ఉంది. రాగమే కట్టేస్తుంది, కట్టు విప్పేదీ రాగమే అన్నది ఆ తంత్రం సారం. మరి ఈ హేవజ్ర తంత్రం ఆయనకు ఎక్కడ దొరికింది? ఏ గురువూ చెవిలో చెప్పలేదు. డేవిడ్ స్నెల్‌గ్రోవ్ 1959లో లండన్‌లో అచ్చువేసిన అనువాదం ఉంది. తంత్ర సంప్రదాయం మీద అగేహానంద భారతి పుస్తకం 1965లో లండన్ నుంచే వచ్చింది. ఆ భారతి కూడా వియన్నాలో పుట్టి ఇక్కడ సన్యాసం పుచ్చుకున్నవాడు. మన దేశపు రహస్య విద్య నేపాల్, టిబెట్ గుండా లండన్ పోయి, ఇంగ్లిషులో దిల్లీకి వచ్చి, స్పానిష్ కవితయింది. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. కాకపోతే ‘తూర్పు ఆయన్ను మేలుకొలిపింది’ అనేటప్పుడు, ఆ తూర్పు ఏ ప్రెస్సులో అచ్చయిందో కూడా చెప్పుకోవాలి.

పాజ్‌ను మన గడ్డకు దగ్గరగా లాగే పేరు బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడిది. కృష్ణ ఒడ్డున ఒక కొండకు ఆయన పేరుంది, ఆ కొండ చుట్టూ ఇప్పుడు సాగర్ నీళ్లున్నాయి. సంసారానికీ నిర్వాణానికీ తేడా వెతికితే దొరకదన్నది ఆ మాధ్యమికుడి తర్కం. దాన్ని పండితులు శతాబ్దాలుగా తర్కంగానే చదివారు. పాజ్ దాన్ని ప్రేమికుడిగా చదివాడు. ఈ తోట, ఈ చెట్టు, ఈ మనిషి, ఇవి అవతలి ఒడ్డుకు అడ్డం కావని ఆయనకు అనిపించింది. ధర్మకీర్తి అంటే కూడా ఆయనకు మహా ముచ్చట. దక్షిణాదివాడని టిబెట్ సంప్రదాయం చెప్పే ఆ కఠిన తార్కికుడి పేరు మీద సంస్కృతంలో శృంగార శ్లోకాలున్నాయి. ప్రమాణాల గురించి అంత కటువుగా వాదించిన బుర్ర, అమ్మాయి అందం ముందు ఓటమి ఒప్పుకోవడం పాజ్‌కు తమాషాగానూ, గౌరవంగానూ తోచింది.

పుస్తకాలు పోనిచ్చి ఊరి సంగతికొస్తే, ఆయన దిల్లీని కాలినడకన ఎరిగినవాడు. హుమాయూన్ సమాధి మీద, లోదీ తోట మీద, నిజాముద్దీన్‌లో అమీర్ ఖుస్రో సమాధి మీద కవితలున్నాయి. స్నేహితులు కూడా ఊరివాళ్లే. చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ‘గ్రూప్ 1890’ 1963లో రవీంద్ర భవన్‌లో పెట్టిన ప్రదర్శనకు పరిచయం రాసింది పాజ్, ప్రారంభించింది నెహ్రూ. హిందీ కవి అజ్ఞేయ మిత్రుడు. సతీశ్ గుజ్రాల్ 1952లో మెక్సికో వెళ్లి చిత్రకళ నేర్చుకోవడం వెనక కూడా పాజ్ ఉన్నాడు. ఈ ఊరు ఆయనకు ఆశ్రమం కాదు, అడ్డా.

ఇప్పుడు ఫిర్యాదులు కూడా చెప్పాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది. ఆ కవితల్లో మారీ-జోసే నదవుతుంది, భూమి అవుతుంది, చెట్టవుతుంది, యక్షి అవుతుంది. మారీ-జోసే మాత్రం అరుదుగా అవుతుంది. ఆమె ఏం చదివేది, దేనికి నవ్వేది, దిల్లీ ఎండ ఆమెకు ఎలా అనిపించింది, మనకు తెలియదు. శృంగార కవులందరి జబ్బే ఇది, మనవాళ్లకు మరీ ఎక్కువ. ఆమె కూడా కళాకారిణి, కాగితం ముక్కలతో, పాత వస్తువులతో బొమ్మలు కూర్చేది. చివరి దశలో పాజ్ ఆ బొమ్మలకు కవితలు రాశాడు, అవి కలిపి ఆయన పోయిన మరుసటి ఏడు, 1999లో, పుస్తకంగా వచ్చాయి. అక్కడ వరస తిరగబడింది, ఆమె బొమ్మ ముందు, ఆయన పద్యం వెనక. ముప్పై ఏళ్ల ఆలస్యంగానైనా తిరగబడింది.

ఇంకో ఫిర్యాదు. ఈ ప్రేమకథలో ఇద్దరూ విదేశీయులే. వంటవాళ్లు, తోటమాలులు, రాయబారి కారు నడిపినవాళ్లు, పృథ్వీరాజ్ రోడ్డు బంగళాల వెనక గదుల్లో ఉన్న కుటుంబాలు, వాళ్లూ ప్రేమించుకున్నారు, వాళ్లకు ఆ తోటలో పెళ్లి జరగదు. దౌత్య పాస్‌పోర్టు ఉన్నవాడికి దొరికే స్వేచ్ఛ అది. పాజ్‌కు ఈ ఎరుక బొత్తిగా లేదనను. రాత్రివేళ మేడమీంచి దిల్లీని చూస్తూ రాసిన కవితలో ఆ ఊరి దైన్యం ఆయన కంట పడింది. పడినా మేడమీదివాడి చూపు మేడమీదిదే.

ఆ చూపు సరిపోదనిపిస్తే జామా మసీదు దగ్గరకు పోదాం. తూర్పు ద్వారం మెట్ల దిగువన ఒక చిన్న దర్గా, గోడలకు రక్తపు రంగు. దానికి ఆనుకునే హరేభరే షా సమాధి, అది ఆకుపచ్చ. ఎర్ర గోడల మధ్య ఉన్నవాడు సర్మద్. పర్షియా నుంచి సరుకులమ్ముకుంటూ సింధు తీరానికి వచ్చిన అర్మేనియా వర్తకుడు, పుట్టుకకు యూదు. ఠట్టాలో అభయ్‌చంద్ అనే హిందువుతో విడదీయరాని అనుబంధం ఏర్పడి, సరుకు వదిలేశాడు, చివరికి బట్ట కూడా వదిలేశాడు. 1647 ప్రాంతంలో వీళ్లు మన హైదరాబాదులో ఉన్నారు, గోల్కొండ సుల్తానుల రాజ్యంలో. మతాల గురించిన పారసీ గ్రంథం ‘దబిస్తాన్’ రాసినాయన సర్మద్‌ను కలిసింది అక్కడే. అభయ్‌చంద్ అతని దగ్గర యూదుల ధర్మగ్రంథం నేర్చుకుని కొంత పారసీలో చెప్పాడు, అది ఆ గ్రంథంలో చేరింది. యూదు వేదం హిందువు నోట పారసీలో, కుతుబ్‌షాహీల ఊళ్లో! సర్మద్ తర్వాత దిల్లీ వచ్చి మొగలు యువరాజు దారాషికోకు ఆప్తుడయ్యాడు. ఔరంగజేబు గద్దెనెక్కాక 1660–61 ప్రాంతంలో అతని తల తీయించారు. నగ్నంగా తిరగడం నేరమన్నారు, కలిమా పూర్తిగా పలకలేదన్నారు. దారాతో స్నేహమే అసలు నేరమని చాలామంది చరిత్రకారుల మాట. అబుల్ కలాం ఆజాద్ 1910లో సర్మద్ మీద వ్యాసం రాశారు. ఆజాద్ సమాధి కూడా ఆ దగ్గర్లోనే ఉంది. సర్మద్‌కు దౌత్య పాస్‌పోర్టు లేదు.

మన తెలుగు సంగతి రెండు మాటల్లో. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరులో ‘రాధికాసాంత్వనము’ రాసింది. దేహాన్ని దైవం ముందు దాచుకోని కావ్యం, అదీ స్త్రీ నోట. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పరిష్కరించి అచ్చువేయిస్తే మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. నిషేధం కోరినవాళ్లలో మన సంస్కర్తలూ ఉన్నారు. 1947లో టంగుటూరి ప్రకాశం గారు ఎత్తేశారు. వావిళ్లవారు తిరిగి ముద్రించింది 1952లో. పాజ్ దిల్లీ ఎండకు జడుస్తున్న ఏడది. చలం ‘మైదానం’లో రాజేశ్వరిని అమీర్ వెంట పంపితే ఊరంతా ఆయన్ను వెలివేసింది. అదే చలం 1950లో అరుణాచలం పోయి రమణుడి నీడన కూర్చుంటే, మనిషి మారాడని సంతోషించింది. మారలేదేమోనని నా అనుమానం. దేహాన్ని అంత నిజాయితీగా అడిగినవాడే ఆత్మను కూడా అడిగి ఉంటాడు. ఈ రెంటినీ ఒకే పుస్తకంలో పక్కపక్కన వేసే అచ్చు మనకు దొరకలేదు, అంతే.

పాజ్ దిల్లీ కథకు ముగింపు 1968. అక్టోబరులో మెక్సికోలో ఒలింపిక్స్. ఆటల సందర్భంగా ఒక కవిత రాయమని నిర్వాహకులు ఆయన్ను అడిగారు, ఒప్పుకోలేదు. అక్టోబరు 2న త్లతెలోల్కో చౌకులో విద్యార్థుల సభ మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎంతమంది పోయారో లెక్క ఇప్పటికీ వివాదమే. వార్త దిల్లీ చేరగానే పాజ్ కవిత రాశాడు, నిర్వాహకులు ఆశించినది కాదు, సిగ్గుతో మండుతున్నది. రాయబారి పదవి వదులుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగం, ఇష్టపడ్డ ఊరు, పెళ్లి చేసుకున్న తోట, అన్నీ ఒక ఉత్తరంతో పోయాయి. ప్రధానిగా ఇందిరాగాంధీ అధికారికంగా వీడ్కోలు చెప్పే వీలు లేదు. అందుకని ఇంటికి భోజనానికి పిలిచారు. రాజీవ్, ఆ ఏడే కొత్తగా ఆ ఇంటి కోడలైన సోనియా కూడా ఆ రాత్రి ఉన్నారని పాజ్ రాశాడు. బొంబాయిలో ఎలిఫెంటా గుహల్లో శివపార్వతులకు దణ్ణం పెట్టుకుని దంపతులు ‘విక్టోరియా’ ఓడ ఎక్కారు. ఓడ మీద నవంబరు చివరి పది రోజుల్లో రెండు తోటల కథగా కవిత రాశాడు. ఒకటి మిస్కోవాక్ అంజూరపు తోట, రెండోది పృథ్వీరాజ్ రోడ్డు వేప తోట.

వీటిని విడివిడి సంఘటనలుగా నేను చూడను. మారీ-జోసేను ఎంచుకున్న మనిషీ, ఉద్యోగాన్ని వదులుకున్న మనిషీ ఒకడే. 1993లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, ‘జంట జ్వాల’ అనే అర్థం వచ్చే పేరున్న పుస్తకంలో ఆయన తన వాదాన్ని బాహాటంగా పెట్టాడు. కామం అందరికీ ఉంది. శృంగారం నాగరికతలన్నిటికీ ఉంది. ప్రేమకు మాత్రం ఎదుటి మనిషి మనిషిగా, కాదనగల మనిషిగా ఉండాలి. కాదనే హక్కు లేనిచోట ఔననడానికి విలువ లేదు. తంత్రం దేహాన్ని దేవాలయం చేసింది, గొప్ప పని. కానీ ఆ క్రియలో ఎదుటి స్త్రీకి పేరుండనక్కరలేదు. మన సంప్రదాయానికి అప్పుపడ్డ పాజ్ ఇక్కడ మన సంప్రదాయంతోనే విభేదించాడు, ఆ తేడాను నేను సమర్థిస్తాను. 1985లో ఇదే ఊళ్లో నెహ్రూ స్మారకోపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు, అప్పటికి ఇందిర లేరు. 1990లో నోబెల్ వచ్చింది. 1998 ఏప్రిల్ 19న పోయాడు. మారీ-జోసే 2018 దాకా ఉంది.

ఇంతదూరం విదేశీయుల ప్రేమ గురించి చెప్పి, మన దిల్లీ తెలుగు ప్రేమకథ చెప్పకపోతే తప్పు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి గారికి ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి నాకొద్దన్నారు, ఆ ఇల్లు ఆమె మాట విన్నది. జైళ్లకు వెళ్లారు, చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1948లో ఇక్కడి తెలుగు పిల్లల కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ మరాఠీవారు, ‘మేఘదూతం’ను మరాఠీ పద్యాల్లోకి తెచ్చిన రసికులు. మొదటి భార్య ఇంగ్లిషు వనిత, ఆవిడ పోయారు. 1953 జనవరి 22న దుర్గాబాయి, దేశ్‌ముఖ్ పెళ్లి చేసుకున్నారు. బాల్యంలో పెద్దలు కట్టబెట్టినదాన్ని కాదన్న మనిషి, నలభై మూడేళ్లకు తానుగా ఔనన్నారు. ఆ పెళ్లికి ముగ్గురు సాక్షులు, వారిలో ఒకరు జవహర్‌లాల్ నెహ్రూ.

ఇటు చూడండి. నాగార్జునుడి పేరు పెట్టుకున్న సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండే మిర్యాలగూడలో, 2018 సెప్టెంబరులో, కులం దాటి పెళ్లాడాడని ఒక యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఖాప్ పంచాయతీల గురించి మనం చులకనగా మాట్లాడుకుంటాం, ఆ హక్కు మనకు లేదు.

ఇలా కులమో మతమో దాటిన పిల్లలు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే నోటీసు ఇవ్వాలి. అది అధికారి కార్యాలయంలో ముప్పై రోజులు అందరికీ కనబడేలా ఉంటుంది. ఆ ముప్పై రోజులు ఆ పిల్లలకు ఎలా గడుస్తాయో ఒక్కసారి ఊహించండి. పెళ్లినాడు ముగ్గురు సాక్షులు కావాలి. దిల్లీలో, నోయిడాలో, గురుగ్రామ్‌లో చదువుకూ ఉద్యోగానికీ వచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఇక్కడ ఆ ముగ్గురు పెద్దలు దొరకరు. స్నేహితుల్నీ, కొలీగ్స్‌నీ బతిమాలుకుంటారు. రేపు మీ వీధిలో పిల్లో, మీ సంఘంలో కుర్రాడో వచ్చి సాక్షి సంతకం పెడతారా అని అడిగితే, వాళ్ల కులం ఏమిటి, మతం ఏమిటి, ఇంట్లో ఒప్పుకున్నారా అని ఆరా తీయకండి. గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని వెళ్లి, సంతకం పెట్టి రండి.